రోజువారీ సంభాషణలో ఇంగ్లీషు ఇడియమ్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీషు తరగతులు చెప్పడం మొదలుపెట్టి పన్నెండేళ్లయింది. విద్యార్థులు మారుతున్నారు, ప్రశ్నలు మాత్రం మారడం లేదు. డిగ్రీ చివరి సంవత్సరం కుర్రాడు అడిగిందే మర్నాడు బ్యాంకు ఉద్యోగిని అడుగుతుంది, ఆ పై వారం అమెరికా ప్రయాణానికి సిద్ధమవుతున్న అమ్మమ్మగారు అడుగుతారు. అందుకే వాటిని వాళ్లు అడిగిన మాటల్లోనే రాసి, నా జవాబులు కింద పెట్టాను. వరసగా చదవనక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి. ఇంగ్లీషు మాటలను కూడా తెలుగు లిపిలోనే ఇచ్చాను. ఇవి ముందుగా చెవికి అలవాటు కావలసినవి.

## మొదలుపెట్టే ముందు

నాకు గ్రామరే సరిగా రాదు. ఇడియమ్స్ జోలికి ఇప్పుడే వెళ్లాలా?

మాట్లాడటానికి ఇప్పుడే అక్కర్లేదు. అర్థం చేసుకోవడానికి మాత్రం ఇవాళే మొదలుపెట్టాలి. ఎదుటివారు మన గ్రామర్ ఎంతవరకు వచ్చిందో కనుక్కుని మాట్లాడరు. ఆఫీసులో మేనేజరు "లెట్స్ కాల్ ఇట్ ఎ డే" అన్నారనుకోండి. అందులో మీకు తెలియని పదం ఒక్కటీ లేదు. అయినా, 'ఇవాళ్టికి ఇక చాలిద్దాం' అన్న అర్థం తెలియకపోతే అందరూ బ్యాగులు సర్దుకుంటుంటే మీరొక్కరే కుర్చీలో ఉండిపోతారు. తప్పుల్లేని వాక్యం చెప్పడం ఒక పని, చెవిన పడ్డ మాటను పట్టుకోవడం ఇంకో పని. మొదటిది పూర్తయ్యేదాకా రెండోదాన్ని ఆపుకోనవసరం లేదు.

ఇడియమ్, సామెత, ఫ్రేజల్ వెర్బ్: ఈ మూడూ ఒకటేనా?

కాదు. సామెత తనంతట తాను నిలబడుతుంది, ఒక అనుభవాన్నో నీతినో చెబుతుంది. 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అనేస్తే ఇంకేమీ కలపనక్కర్లేదు. ఇడియమ్ మన జాతీయం లాంటిది, వాక్యంలో ఒక ముక్కగా ఒదిగిపోతుంది. 'పెడచెవిన పెట్టాడు' అన్నప్పుడు చెవి అర్థమూ పెట్టడం అర్థమూ కలిపినంత మాత్రాన 'లెక్కచేయలేదు' అన్న అర్థం రాదు. దానికి ఇంగ్లీషులో 'టర్న్ ఎ డెఫ్ ఇయర్' అంటారు, అక్కడా అంతే.

ఫ్రేజల్ వెర్బ్‌లో క్రియకు ఒక చిన్న పదం తోడై కొత్త అర్థం ఇస్తుంది. 'గివ్' అంటే ఇవ్వడం, 'గివ్ అప్' అంటే ప్రయత్నం మానేయడం. 'రన్' అంటే పరుగెత్తడం, 'రన్ అవుట్ ఆఫ్' అంటే నిండుకోవడం. ఇంట్లో పాలు లేకపోతే "వి రాన్ అవుట్ ఆఫ్ మిల్క్" అంటారు. మనం బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాం కదా, తెలుగు కొత్తగా నేర్చుకునేవారికి ఆ మాట ఎంత వింతగా ఉంటుందో ఊహించండి. ఇంగ్లీషులో ఇలాంటివి మనకు అడుగడుగునా తగులుతాయి. ఇళ్లల్లో, దుకాణాల్లో, ఫోన్లలో ఎక్కువగా వినిపించేవి ఫ్రేజల్ వెర్బ్‌లే. కాబట్టి ఇడియమ్స్ పుస్తకం కొనేముందు ఓ యాభై ఫ్రేజల్ వెర్బ్‌ల మీద పట్టు సంపాదించండి.

మొత్తం ఎన్ని నేర్చుకుంటే సరిపోతుంది?

నా లెక్క ఇది: వింటే అర్థమయ్యేవి నూట యాభై, తడుముకోకుండా నోట వచ్చేవి ఇరవై. తెలుగులోనూ మనకు అర్థమయ్యే జాతీయాలు వందల్లో ఉంటాయి, మనం రోజూ అనేవి కొన్నే. రెండు వేల ఇడియమ్స్ అని అట్ట మీద అచ్చువేసిన పుస్తకాల్లో చాలా భాగం ఇప్పుడెవరూ అననివి. వాటి మీద పెట్టే సమయాన్ని వినడం మీద పెట్టండి.

రోజుకు పది చొప్పున బట్టీ పడుతున్నాను. వారం తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండటం లేదు. ఎందుకు?

జాబితాలో మాట ఉంటుంది, మనిషి ఉండడు. ఏ నుడికారమైనా ఎవరో, ఎప్పుడో, ఏదో ముఖం పెట్టుకుని అన్నప్పుడే మనసులో నాటుకుంటుంది. 'కాళ్లకు బలపం కట్టుకుని తిరుగుతున్నాడు' అన్న మాట మీకు ఏ పాఠంలోనూ రాలేదు. ఇంట్లో ఎవరో విసుగ్గా అంటే విన్నారు, అంతే.

నా దగ్గరికి వచ్చే ఒకమ్మాయి చీరల దుకాణంలో పనిచేసేది. ఆమె నోటుపుస్తకంలో పేజీకి ఒక్క ఇడియమ్ మాత్రమే ఉండేది. 'కాస్ట్స్ యాన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్' అంటే ధర మరీ ఎక్కువని అర్థం. ఆ పేజీలో ఆమె అర్థం రాయలేదు. 'కంచి పట్టుచీర మీద చీటీ తిప్పి చూసి, భార్య వైపు చూడకుండా గోడ గడియారం వైపు చూసిన ఆయన' అని రాసుకుంది. కింద ఆ సందర్భానికి ఒక ఇంగ్లీషు వాక్యం. మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారానికి ఒకసారి ఆ పేజీ తిరగేసేది. రోజుకు ఒకటే. నాలుగు నెలల్లో వంద దాటాయి, ఒక్కటీ జారిపోలేదు. మీరూ అలా చేసి చూడండి. మీకు తెలిసిన మనిషి, మీరు చూసిన సంఘటన అయి ఉండాలి, కల్పించింది కాదు.

మొట్టమొదట ఏవి నేర్చుకోవాలి?

ఇంట్లో, ఆఫీసులో ప్రతి వారం అవసరపడేవి. ఒంట్లో కాస్త నలతగా ఉంటే 'అండర్ ద వెదర్'. చాలా తేలికైన పని 'పీస్ ఆఫ్ కేక్', మనం నల్లేరు మీద బండి నడక అనేది. మనసుకు పట్టని విషయం 'నాట్ మై కప్ ఆఫ్ టీ'. పేరు గుర్తొచ్చినట్టే వచ్చి నోట్లో నానుతుంటే 'ఆన్ ద టిప్ ఆఫ్ మై టంగ్'. దాచిన విషయం బయటపెట్టేస్తే 'స్పిల్ ద బీన్స్'. కొత్తవారి మధ్య బెరుకు పోగొట్టే మొదటి మాట 'బ్రేక్ ద ఐస్'. చివరి నిమిషంలో భయపడి వెనక్కి తగ్గడం 'గెట్ కోల్డ్ ఫీట్'. చేతినిండా పని ఉంటే 'హావ్ మై హ్యాండ్స్ ఫుల్', ఇది మనకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన మాటే. ఈ ఎనిమిదింటితో మొదలుపెట్టండి.

## విని అర్థం చేసుకునేటప్పుడు

తెలుగులో సరిపోయే మాట దొరికితే జత చేసి గుర్తుపెట్టుకోవచ్చా?

తప్పకుండా. ఇంతకన్నా మంచి ఊతం లేదు. 'కిల్ టూ బర్డ్స్ విత్ వన్ స్టోన్' అంటే ఒకే దెబ్బకు రెండు పిట్టలు. 'క్రొకొడైల్ టియర్స్' మొసలి కన్నీరే. 'యాడ్ ఫ్యూయల్ టు ద ఫైర్' అగ్నికి ఆజ్యం పోయడం. 'బైట్ ద బుల్లెట్' అంటే పంటి బిగువున భరించడం. 'బీట్ అరౌండ్ ద బుష్' అంటే అసలు విషయానికి రాకుండా డొంకతిరుగుడుగా మాట్లాడటం. వాళ్లు పొద చుట్టూ తిరిగారు, మనం డొంక చుట్టూ తిరిగాం. తెలిసినవారికే పాఠం చెప్పబోతే ఇంగ్లీషువారు 'అమ్మమ్మకు గుడ్డు పీల్చడం నేర్పకు' అంటారు, మనం 'తాతకు దగ్గులు నేర్పకు' అంటాం. ఇలాంటివి ఎదురైనప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అయితే జత కుదిరిందనుకున్న చోట కూడా తూకం చూసుకోవాలి. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్'కు మనం 'అమావాస్యకో పున్నానికో' అని రాసుకుంటాం. పున్నమి నెలనెలా వస్తుంది. బ్లూ మూన్ అంటే ఒకే నెలలో వచ్చే రెండో పున్నమి, అది సుమారు రెండున్నరేళ్లకు ఒకసారి. కాబట్టి ఇంగ్లీషు మాటను మరీ అరుదైన వాటికే వాడతారు. 'సిట్ ఆన్ ద ఫెన్స్' పక్కన 'గోడ మీద పిల్లి' అని రాసుకుంటాం. ఇంగ్లీషులో ఆ మనిషి ఏ పక్షమూ తేల్చుకోకుండా ఉన్నాడనే ముఖ్యం. తెలుగులో పిల్లి ఎటు లాభమైతే అటు దూకుతుందన్న నింద కూడా ఉంది. ఆ నింద ఇంగ్లీషులో అంత గట్టిగా ధ్వనించదు.

"ఆర్ యూ పుల్లింగ్ మై లెగ్" అంటే నా కాలు పట్టి లాగుతున్నావా అనేనా?

పదాల అర్థం అదే, భావం అది కాదు. తెలుగులో కాళ్లు పట్టి లాగడమంటే పైకి వస్తున్నవాణ్ణి కిందికి గుంజడం, అంటే ద్రోహం. ఇంగ్లీషులో 'పుల్ సమ్‌వన్స్ లెగ్' అంటే సరదాగా ఆటపట్టించడం, నమ్మించి నవ్వడం. స్నేహితుల మధ్య చెల్లే మాట. పై అధికారి నవ్వుతూ ఈ మాట అంటే మీ మీద ఆరోపణ చేశారని బాధపడకండి.

తెలుగు జాతీయాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మారిస్తే తప్పేమిటి?

అవతలివారు తెలుగువారైతే ఏ తప్పూ లేదు. కాకపోతే మాట చేరదు. 'నా తల తినకు' అన్నదాన్ని "డోంట్ ఈట్ మై హెడ్" అంటే మన దేశంలో చాలామందికి అర్థమవుతుంది, లండన్‌లో కాదు. అక్కడ "స్టాప్ బగింగ్ మీ" అనాలి. 'బైట్ మై హెడ్ ఆఫ్' అనే మాట ఉంది గానీ దాని అర్థం వేరు: ఉన్నట్టుండి నా మీద విరుచుకుపడటం.

ఒక విద్యార్థి చెప్పిన సంగతి ఇది. తోటి ఉద్యోగికి పదోన్నతి వచ్చింది. వీడియో కాల్‌లో విదేశీ మేనేజరుతో చనువుగా "మై స్టమక్ ఈజ్ బర్నింగ్" అన్నాడు. ఆమె ఎంతో ఆదరంగా, భోజనం తర్వాత చల్లటి పాలు తాగి చూడమని చెప్పింది. కడుపుమంట మనకు అసూయ, వాళ్లకు ఆమ్లం. అసూయకు వాళ్ల మాట 'గ్రీన్ విత్ ఎన్వీ'.

అలాగే 'నీళ్లు నమలడం', 'చెవిలో పువ్వు పెట్టడం' వంటివి మాట మాటగా దాటవు. మొదటిదానికి 'హెమ్ అండ్ హా', రెండోదానికి 'పుల్ ద వుల్ ఓవర్ వన్స్ ఐస్' దగ్గరగా ఉంటాయి. పువ్వు స్థానంలో ఉన్ని వచ్చింది, చెవి స్థానంలో కన్ను వచ్చింది, మోసం మాత్రం అదే.

ఈ మాటలు ఎలా పుట్టాయో తెలుసుకోవాలా?

తెలిస్తే గుర్తుంటాయి. ముఖ్యంగా ఆటల నుంచి వచ్చినవి. 'త్రో ఇన్ ద టవల్' అంటే ఓటమి ఒప్పుకోవడం. బాక్సింగులో తమ ఆటగాడు ఇక తట్టుకోలేడనిపిస్తే అతని శిక్షకుడు బరిలోకి తువ్వాలు విసురుతాడు. మనం చేతులెత్తేయడం అంటాం. 'స్టికీ వికెట్' అంటే ఇరకాటం. పిచ్‌లను వానకు కప్పి ఉంచని రోజుల్లో వానకు తడిసి ఎండుతున్న పిచ్ మీద బంతి ఎటు లేస్తుందో తెలిసేది కాదు. 'హ్యాట్రిక్' కూడా క్రికెట్ ఇచ్చిందే: 1858లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో స్టీఫెన్సన్ అనే బౌలరు వరసగా మూడు వికెట్లు తీస్తే చందాలు వేసుకుని అతనికి టోపీ కొనిచ్చారు. ఇవాళ ఎన్నికల్లో మూడోసారి గెలిచినా తెలుగు పత్రికలు హ్యాట్రిక్ అనే రాస్తున్నాయి.

ఒక హెచ్చరిక. ఫోన్లలో తిరిగే పుట్టుపూర్వోత్తరాల కథల్లో సగం కల్పితాలు. పూరిళ్ల కప్పుల మీద పడుకున్న కుక్కలూ పిల్లులూ వానకు జారి పడేవట, అందుకే 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' వచ్చిందట అన్నది అలాంటిదే. గుర్తుపెట్టుకోవడానికి వాడుకోండి, నిజమని ఎవరికీ చెప్పకండి.

మాటల మధ్యలో తెలియని ఇడియమ్ వస్తే ఏం చేయాలి?

ముందు గొంతు వినండి. మంచి చెబుతున్నారా, చెడు చెబుతున్నారా అన్నది గొంతులోనే తెలిసిపోతుంది. తర్వాతి వాక్యంలో అర్థం సాధారణంగా బయటపడుతుంది. అప్పటికీ తెలియకపోతే "వాట్ డూ యూ మీన్ బై దట్" అని మామూలుగా అడిగేయండి. ఎవరూ చిన్నచూపు చూడరు. మన ఇంటికి వచ్చిన పరాయి భాషవారు 'అంటే ఏమిటండీ' అని అడిగితే మనం ఎంత ఉత్సాహంగా చెబుతామో గుర్తుచేసుకోండి. అర్థమైనట్టు తలూపడమే అన్నిటికన్నా ప్రమాదం, ముఖ్యంగా డబ్బు, మందులు, గడువుల విషయంలో.

డిక్షనరీలో ఇడియమ్‌ను ఏ పదం కింద వెతకాలి?

అందులో బరువైన పదం కింద, మామూలుగా నామవాచకం కింద. 'స్పిల్ ద బీన్స్'ను 'బీన్' దగ్గర చూడండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ వారి నిఘంటువులు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. అర్థం పక్కన 'ఇన్‌ఫార్మల్', 'ఓల్డ్ ఫ్యాషన్డ్' వంటి గుర్తులుంటాయి. అర్థంకన్నా ముందు అవి చదవాలి. మాట ఎక్కడ చెల్లుతుందో చెప్పేవి అవే.

## నోరు విప్పేటప్పుడు

"ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అంటే నవ్వారు. తప్పు చెప్పానా?

తప్పు కాదు, పాతబడింది. బడిలో అందరం మొదట నేర్చుకున్న ఇడియమ్ ఇదే. ఇప్పుడు కుండపోతగా కురుస్తుంటే "ఇట్స్ పోరింగ్" అంటారు, అంతే. ఇరవై ఏళ్ల కుర్రాడు మిత్రుల మధ్య గ్రాంథికంలో 'వర్షము కురియుచున్నది' అంటే ఎలా ఉంటుంది? అదీ సంగతి. మీరు నేర్చుకున్న ఇడియమ్‌ను ఈ కాలపు మాటల్లో, ఇంటర్వ్యూల్లోనో వార్తల్లోనో వంట వీడియోల్లోనో, రెండు మూడు సార్లు విన్నాకే వాడటం మొదలుపెట్టండి.

ఒక పదం అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

మాట చెడిపోతుంది. 'నల్లేరు మీద బండి నడక'ను 'నల్లేరు మీద కారు నడక' అంటే నవ్వు వస్తుంది కదా. 'పీస్ ఆఫ్ కేక్'ను 'స్లైస్ ఆఫ్ కేక్' అంటే నిజంగా కేకు ముక్కే. 'పుల్ మై లెగ్'లో కాలు ఒకటే, రెండు కాళ్లూ లాగకూడదు. 'కోల్డ్ ఫీట్'లో మాత్రం రెండూ కావాలి. మనవాళ్లు ఎక్కువగా జారేది 'ఎ', 'ద'ల దగ్గర, ఎందుకంటే తెలుగులో అవి లేవు. అందుకే ఇడియమ్‌ను ముక్కలు చేయకుండా మొత్తం ఒకే పదంలా నేర్చుకోవాలి. కాలం మారితే క్రియ ఒక్కటే మారుతుంది: 'స్పిల్' కాస్తా 'స్పిల్డ్' అవుతుంది, బీన్స్ బీన్స్‌గానే ఉంటాయి.

పదాలన్నీ సరిగ్గానే చెప్పాను, అయినా వాళ్లకు అర్థం కాలేదు. ఎక్కడ పొరపాటు?

బహుశా పలకడంలో. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మన నాలుక ఊరుకోదు, 'కేక్'ను 'కేకు' చేస్తుంది. అదొకటి. రెండోది, మనం ప్రతి పదాన్నీ సమానంగా ఒత్తి పలుకుతాం. ఇంగ్లీషువారు చిన్న పదాలను మింగేసి చివరి ముఖ్యమైన పదాన్ని పట్టుకుంటారు. 'పీస్, ఆఫ్, కేక్' అని మూడు మెట్లుగా కాకుండా 'పీసవ్ కేక్' అని ఒక్క ఊపులో, బలం 'కేక్' మీద పెట్టి అనండి. 'కప్ ఆఫ్ టీ' కూడా 'కప్పవ్ టీ'. అద్దం ముందు కాదు, ఫోనులో రికార్డు చేసుకుని వినండి. తేడా రెండు రోజుల్లో తెలుస్తుంది.

"హౌ ఆర్ యూ డూయింగ్" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే వెళ్లిపోతున్నారు. మర్యాద లేదా?

అది ప్రశ్న కాదు, పలకరింపు. మనం దారిలో కనిపించినవారిని 'భోంచేశారా' అని అడగడం లాంటిది. కూరలేమిటో చెప్పమని కాదు. "గుడ్, హౌ అబౌట్ యూ" అని నడుస్తూనే అనేస్తే సరిపోతుంది. "వాట్సప్" అంటే "నాట్ మచ్" చాలు. ఈ పలకరింపు మీద శ్లేషగానే వాట్సాప్‌కు ఆ పేరు పెట్టారు.

మరణం గురించి మాట్లాడేటప్పుడు "కిక్ ద బకెట్" అనవచ్చా?

అనకూడదు. మనం 'బాల్చీ తన్నేశాడు' అనే చోట మాత్రమే అది చెల్లుతుంది, పరామర్శకు వెళ్లినచోట ఆ మాట ఎవరంటారు? 'కాలం చేశారు' అన్నంత మర్యాద 'పాస్డ్ అవే'లో ఉంది. దుఃఖంలో ఉన్నవారితో ఇడియమ్స్ అసలే వద్దు. "ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్" అని మెల్లగా అంటే చాలు.

## ఆఫీసు, ఇంటర్వ్యూ, పరీక్ష

మా మీటింగుల్లో అన్నీ ఇడియమ్సే. ముందు ఏవి పట్టుకోవాలి?

అమెరికా కంపెనీలతో పనిచేస్తుంటే సగం మాటలు బేస్‌బాల్ నుంచే వస్తాయి. 'టచ్ బేస్' అంటే ఒకసారి మాట్లాడుకుందాం అని. 'బాల్‌పార్క్ ఫిగర్' అంటే ఉజ్జాయింపు అంకె. అది అడిగితే పైసలతో సహా లెక్క చెప్పనక్కర్లేదు. 'స్టెప్ అప్ టు ద ప్లేట్' అంటే బాధ్యత మీద వేసుకుని ముందుకు రావడం. ఆట బయటివి కొన్ని: 'ఆన్ ద సేమ్ పేజ్' అంటే అందరి అవగాహనా ఒకటే, 'ఎ లాట్ ఆన్ మై ప్లేట్' అంటే తలకు మించిన పని. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు ఈ చివరి మాట నేర్చుకోవడం చాలా అవసరమని నా అభిప్రాయం. 'చేయలేను' అనడానికి మొహమాటపడి, అర్ధరాత్రి దాకా కూర్చునేవారిని ఎందరినో చూశాను. ఈ మాట మర్యాద చెడకుండా ఆ పని చేసిపెడుతుంది.

'టేబుల్' అనే క్రియతో జాగ్రత్త. బ్రిటన్‌లో ఒక విషయాన్ని టేబుల్ చేయడమంటే చర్చకు పెట్టడం, అమెరికాలో చర్చను వాయిదా వేయడం. రెండో ప్రపంచ యుద్ధంలో రెండు దేశాల అధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు ఘాటుగా వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరూ కోరింది ఒకటేనని చర్చిల్ తన యుద్ధ స్మృతుల్లో రాశాడు.

ఇంటర్వ్యూలో ఇడియమ్స్ వాడితే మెచ్చుకుంటారా?

స్పష్టతను మెచ్చుకుంటారు. సహజంగా వస్తే ఒకటి రానివ్వండి. కొత్త కోణంలో ఆలోచించడానికి అనే 'థింక్ అవుట్‌సైడ్ ద బాక్స్' మాత్రం వద్దు, ఆ కుర్చీలో అంతకుముందు కూర్చున్నవారు కూడా అదే చెప్పి ఉంటారు.

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో ఇడియమ్స్ వాడితే బ్యాండ్ పెరుగుతుందా?

సరిగ్గా వాడితే సాయపడతాయి, జొప్పిస్తే దెబ్బతీస్తాయి. ఐఈఎల్‌టీఎస్ అంటే విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్లేవారు రాసే ఇంగ్లీషు పరీక్ష, బ్యాండ్ అంటే అందులో వచ్చే స్కోరు. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. పరీక్షకులు నాలుగు అంశాలు చూస్తారు: ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. ఇడియమ్స్ వచ్చేది పదసంపదలో మాత్రమే. బ్యాండ్ 7 వివరణలో ఇడియమాటిక్ పదజాలం ప్రస్తావన ఉంది, దాని పక్కనే ఎక్కడ ఏ మాట పొసగుతుందో తెలిసి ఉండాలని కూడా ఉంది. కోచింగుల్లో ఈ రెండో సగం చెప్పరు.

ఒక విద్యార్థిని, తన ఊరి గురించి చెప్పమంటే, మొదటి నిమిషంలోనే ఐదు ఇడియమ్స్ చెప్పింది. ప్రతి ఒక్కదాని ముందు అర క్షణం ఆగుతోంది, కళ్లు పైకి వెళుతున్నాయి, జాబితా వెతుక్కుంటోంది. ధారాళత అక్కడే పోయింది. అవన్నీ మానేసి, వాళ్ల ఊరి చెరువుగట్టు గురించి మామూలు మాటల్లో చెప్పమన్నాను. చెబుతూ చెబుతూ మధ్యలో, "ఐ నో దట్ ప్లేస్ లైక్ ద బ్యాక్ ఆఫ్ మై హ్యాండ్" అంది, ఆగకుండా. అంటే ఆ చోటు అణువణువూ తెలుసని. అలా వచ్చినదానికే విలువ.

"డూ ద నీడ్‌ఫుల్", "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2015" తప్పా?

మొదటిది, అంటే 'చేయవలసింది చేయండి' అన్నది, తప్పు కాదు. ఒకప్పుడు బ్రిటిష్ వారే రాసిన మాట, వాళ్లు వదిలేశారు, మనం ఉంచుకున్నాం. అనుకున్న సమయం కన్నా ముందుకు జరపడం అనే అర్థంలో 'ప్రిపోన్' మన దేశపు మాటగా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా చేరింది. మన మధ్య వీటిని వాడుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. విదేశీయులతో మాత్రం అవి అర్థమవుతాయో లేదో చూసుకోవాలి. 'పాస్డ్ అవుట్' విషయంలో ఆ జాగ్రత్త తప్పనిసరి, ఎందుకంటే మనకు అది డిగ్రీ పూర్తి చేయడం, వాళ్లకు స్పృహ తప్పి పడిపోవడం. "ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2015" అనండి.

## దేశం దాటాక

అమెరికా ఇడియమ్స్, బ్రిటన్ ఇడియమ్స్ వేరా?

చాలావరకు ఒకటే, కొన్నిటిలో ఒక పదం తేడా. దిష్టి తగలకూడదని బ్రిటన్‌లో 'టచ్ వుడ్' అంటారు, అమెరికాలో 'నాక్ ఆన్ వుడ్'. మనకు వచ్చింది బ్రిటిష్ మాటే. విషయాన్ని కప్పిపుచ్చడానికి ఒకరు కార్పెట్ కిందికి ఊడుస్తారు, ఇంకొకరు రగ్ కిందికి. 'నాకేమీ పట్టదు' అనడానికి బ్రిటన్‌లో "ఐ కుడంట్ కేర్ లెస్" అంటే, అమెరికాలో చాలామంది "ఐ కుడ్ కేర్ లెస్" అంటారు. పదాల ప్రకారం ఎదురు అర్థం రావాలి, కానీ భావం ఒకటే. క్రికెట్ మాటలు అమెరికాలో, బేస్‌బాల్ మాటలు ఇంగ్లండ్ పల్లెల్లో తేలిగ్గా పారవు. మీరున్నచోట ఏది వినిపిస్తే అది నేర్చుకోండి.

భోజనానికి పిలిస్తే "కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్" అన్నారు. వాన పడటం లేదు కదా?

'ఈసారికి కుదరదు, ఇంకోసారి తప్పకుండా' అని అర్థం. వాన వల్ల బేస్‌బాల్ ఆట ఆగిపోతే మరో రోజు చూడటానికి ఇచ్చే చీటీ నుంచి వచ్చింది. మర్యాదగా తప్పుకోవడం అన్నమాట. నొచ్చుకోకండి, కొన్నాళ్లాగి మళ్లీ పిలవండి.

మనం వడ్డించబోతే వచ్చినవారు "ఐ యామ్ గుడ్" అంటే 'నేను మంచివాణ్ణి' అని కాదు, 'చాలండి' అని. బ్రిటన్‌లో "ఐ యామ్ ఆల్ రైట్, థ్యాంక్స్" అన్నా అదే. కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. మన అతిథి మొదటిసారి వద్దంటే అది వద్దు కాదని మనకు తెలుసు. వాళ్ల అతిథి మొదటిసారి అన్నదే చివరి మాట. గరిటె అక్కడితో ఆపేయాలి.

అమెరికాలో ఉన్న మనవడి మాటలు అర్థం కావడం లేదు. నాకు అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు నేర్చుకోగలనా?

నేర్చుకోగలరు. నుడికారం విషయంలో మీకున్నంత సంపద పాతికేళ్లవారికి లేదు, కొత్త మాటను కట్టడానికి మీ దగ్గర గుంజలు చాలా ఉన్నాయి. పుస్తకాలు వద్దు. వారానికి ఒక మాట, ఆ బాబు నోటి నుంచి వచ్చినదే చాలు. వాడికి బదులుగా ఒక తెలుగు మాట ఇవ్వండి.

మా తరగతికి వచ్చిన ఒక అమ్మమ్మగారు సరిగ్గా ఇలాగే చేశారు. ఆదివారం ఉదయం వీడియో కాల్. మనవడికి తొమ్మిదేళ్లు. లెక్కలు ఎలా చేశావని అడిగితే "ఈజీ పీజీ" అన్నాడు. అంటే ఏమిటో వాడితోనే చెప్పించుకుని కాగితం మీద రాసుకున్నారు. తర్వాత 'మేమైతే నల్లేరు మీద బండి నడక అంటాం' అన్నారు. వాడు వెంటనే, నల్లేరు అంటే ఏమిటని అడిగాడు. ఆమె ఫోను పట్టుకుని బాల్కనీలోకి నడిచి, పచ్చడి కోసం పెంచుకుంటున్న కుండీ ముందు నిలబడ్డారు. కణుపు కణుపుగా, మెత్తగా, నాలుగు పలకలుగా ఉన్న ఒక ముక్క తుంచి కెమెరాకు దగ్గరగా పెట్టి, బొటనవేలితో నొక్కి చూపించారు. అది నీరు కక్కుతూ అణిగిపోయింది. 'ఇప్పుడు దీని మీద బండి చక్రం వెళితే ఎలా ఉంటుందో చెప్పు' అన్నారు. వాడు రెండు క్షణాలు ఆలోచించి, "ఈజీ పీజీ" అన్నాడు.